ప్లాటు-ప్లాను: మ్యాపులో రంగు లేని ఇళ్ళు

(ఇంటి స్థలాలు, లేఅవుట్లు, అనుమతుల మీద పాఠకుల ప్రశ్నలకు రిటైర్డ్ టౌన్‌ప్లానింగ్ అధికారి జవాబులు)

ప్రశ్న: నమస్కారమండీ. నేను రిటైర్డ్ టీచర్‌ని, సైనిక్‌పురిలో ఉంటాను. మా అబ్బాయి ఇంగ్లండ్‌లో సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. రెండేళ్ళ కింద ఒక ఊరి చివర ఇల్లు కొనుక్కున్నాడు. వాళ్ళింటికి రెండు పొలాల అవతల నాలుగు జిప్సీ కుటుంబాలు ఉండటానికి సైటు కావాలని ఎవరో దరఖాస్తు పెట్టారట. స్తంభానికి నోటీసు కట్టారు. వీధి వాట్సాప్ గ్రూపులో అందరూ ఒకటే లెటరు తిప్పుతున్నారు, సంతకం పెట్టి కౌన్సిల్‌కి పంపమని. దొంగతనాలు పెరుగుతాయి, ఇళ్ళ రేట్లు పడిపోతాయి అని అందులో ఉంది. పెట్టకపోతే ఇరుగుపొరుగు దూరమవుతారేమో అని మావాడు నలిగిపోతున్నాడు. ఫోన్లో వాడి గొంతు వింటే నాకు టెన్షన్. మన దగ్గరైతే కార్పొరేటర్‌కి ఒక మాట చెప్పేవాళ్ళం. అక్కడ ఇవన్నీ ఎవరు, ఎలా తేలుస్తారు?

జవాబు: టీచరమ్మా, ఆ లెటరు మీద సంతకం పెట్టొద్దని అబ్బాయికి ఈ రాత్రే ఫోన్ చేసి చెప్పండి. కారణాలు తీరిగ్గా చదువుకోవచ్చు.

అందులో రాసిన రెండు మాటలూ అక్కడి ప్లానింగ్ ఆఫీసులో చెల్లవు. వాళ్ళు చూసేది భూమి వాడకం. పక్కింటాయన ఆస్తి విలువ వాళ్ళ లెక్కలోకి రాదు. దొంగతనాల మాట ఇంకా చెడ్డది. రోమానీ జిప్సీలను, ఐరిష్ ట్రావెలర్లను (రెండూ తరతరాలుగా సంచారం చేసిన జనాలే) అక్కడి కోర్టులు జాతులుగా గుర్తించాయి, 2010 నాటి ఈక్వాలిటీ చట్టం వాళ్ళకు వర్తిస్తుంది. ఫలానా కులంవాళ్ళు వస్తే మా కాలనీ పాడవుతుందని మన దగ్గర మున్సిపల్ ఆఫీసులో సంతకం పెట్టి ఇస్తే ఎలా ఉంటుందో, అదీ అంతే. పైగా చాలా కౌన్సిళ్ళు ప్రజల అభ్యంతరాలను పేరుతో సహా వెబ్‌సైట్‌లో పెడతాయి. ఎవరో టైపు చేసిన మాటల కింద మీ అబ్బాయి పేరు ఏళ్ళ తరబడి కనబడుతుంది. ఒకే ఉత్తరం రెండొందల మంది పంపినంత మాత్రాన రెండొందల కారణాలు కావు కూడా. ఆఫీసరు దాన్ని ఒక్క కారణంగానే చదువుతాడు. నేనూ అలాగే చదివేవాణ్ణి.

మరి ఏ మాట చెల్లుతుంది? 2018లో ఇంగ్లండ్‌లో మా అమ్మాయి దగ్గర అయిదు నెలలున్నాను. చలికి బయటికి పోబుద్ధి కాదు, టీవీ మాటలు సగమే అర్థమవుతాయి. ఒకరోజు పేపర్లో కౌన్సిల్ ప్లానింగ్ కమిటీ మీటింగు అని చూసి, పాత రోగం కదా, బస్సెక్కి పోయి వెనక కుర్చీలో కూర్చున్నాను. ఎవరైనా కూర్చోవచ్చు. ఆ రోజు అజెండాలో మూడోది ట్రావెలర్ సైటే. అభ్యంతరం చెప్పేవాళ్ళకు మూడు నిమిషాలు, దరఖాస్తుదారుకి మూడు నిమిషాలు. టైమయ్యాక మైకు దగ్గర ఎర్ర లైటు. దరఖాస్తు పెట్టినాయన ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఆయన తరఫున ఏజెంటే మాట్లాడాడు. నేను జాతుల గొడవేదో వినబోతున్నాననుకున్నాను. ముప్పావు వంతు సేపు వాళ్ళు మాట్లాడింది గేటు గురించి.

ఆ గేటు లెక్క చెబుతాను, మీ అబ్బాయికి పనికొస్తుంది. గంటకు 30 మైళ్ళ రోడ్డు మీదికి వాహనం దిగుతుందనుకోండి. రోడ్డు అంచు నుంచి 2.4 మీటర్లు లోపల ఉన్న డ్రైవరుకి కుడివైపు, ఎడమవైపు 43 మీటర్ల దూరం రోడ్డు అడ్డం లేకుండా కనబడాలి. పొద కొట్టాలా, కంచె వెనక్కి జరపాలా, అసలు ఆ పొద ఎవరిది? ఇరవై నిమిషాలు దాని మీదే. నాకు ప్రాణం లేచొచ్చింది. మన దగ్గర స్కూలు గేటు నేరుగా హైవే మీదికి తెరిచినా ఎవరూ అడగరు.

కాబట్టి మీ అబ్బాయి ఆ పొలం దాకా నడిచి వెళ్ళి చూడాలి. వానాకాలం నీళ్ళు నిలుస్తాయా? వరద వచ్చే చోట కారవాన్లు, అంటే బండికి తగిలించి లాక్కుపోయే ఇళ్ళు, పెట్టనివ్వరు. మురుగు ఎటు పోతుంది? రోడ్డు రెండు బండ్లు ఎదురైతే పడతాయా? ఊరు చిన్నదైతే, సైటు ఊరినే మింగేసేంత పెద్దదా? నాలుగు పిచ్‌లంటే పెద్దదేమీ కాదు. ఒక పిచ్ అంటే ఒక కుటుంబం: ఒక మొబైల్ హోమ్ (పేరుకే మొబైల్, ఒకసారి దింపాక కదలదు), తిరగడానికి ఒక చిన్న కారవాన్, వంటకీ స్నానానికీ ఒక చిన్న గది, రెండు బండ్ల జాగా. ఇందులో నిజంగా ఇబ్బంది కనబడితే సొంత మాటల్లో రాయమనండి. మామూలుగా 21 రోజుల గడువు ఉంటుంది. ఇబ్బందేమీ కనబడకపోతే రాయొద్దు. రాయకపోవడం కూడా ఒక అభిప్రాయమే. కావాలంటే అనుకూలంగానూ రాయొచ్చు, అలా రాసేవాళ్ళు తక్కువ గనక ఆఫీసరు శ్రద్ధగా చదువుతాడు.

కార్పొరేటర్ మాట. అక్కడా కౌన్సిలర్లున్నారు, వాళ్ళకూ ఓట్లు కావాలి. చాలా దరఖాస్తులు ఆఫీసర్లే తేల్చేస్తారు, గొడవ ఉన్నవి కమిటీకి వెళతాయి. కమిటీలో కూర్చునే కౌన్సిలరు ముందే మనసు బిగించుకుని రాకూడదు. ఆఫీసరు ఇవ్వొచ్చన్నా కమిటీ కాదనవచ్చు. కానీ దరఖాస్తుదారుకి ఆరు నెలల్లోగా ప్లానింగ్ ఇన్‌స్పెక్టరేట్‌కి (ఇలాంటి అప్పీళ్ళు తేల్చే ప్రభుత్వ సంస్థ) అప్పీలు చేసుకునే హక్కుంది. సరైన కారణం లేకుండా కాదన్నారని తేలితే కౌన్సిల్ మీదే ఖర్చులు పడతాయి. ఇందులో మీవాళ్ళ వీధి గమనించాల్సిన మెలిక ఒకటుంది. కాదంటే దరఖాస్తుదారు అప్పీలుకు వెళతాడు, అవునంటే ఇరుగుపొరుగుకి అప్పీలు లేదు. వాళ్ళకు మిగిలేది ఆరు వారాల్లో హైకోర్టు గడప ఎక్కడమే, అదీ చట్టం తప్పితేనే.

ఇప్పుడు మీ అబ్బాయి పొరుగువాళ్ళ కోపం సంగతి. అది ఊరికే పుట్టలేదు. కౌన్సిళ్ళే వీళ్ళకు సైట్లు కట్టివ్వాలని 1968లో చట్టం తెచ్చారు. 1994లో ఆ బాధ్యత తీసేసి, మీరే స్థలం కొనుక్కుని దరఖాస్తు పెట్టుకోండి అన్నారు. ఊళ్ళో స్థలం రేటు వీళ్ళకి అందదు, అమ్మేవాడూ అమ్మడు. దొరికేది ఊరి బయట పొలం. అది చాలాచోట్ల గ్రీన్ బెల్ట్, అంటే కట్టడాలు కూడదని గీత గీసిన భూమి. అనుమతి రాదని తెలిసి కొందరు, కౌన్సిల్ ఆఫీసుకి సెలవులొచ్చినప్పుడు రాత్రికి రాత్రి కంకర పోసి కారవాన్లు దింపేశారు. ఊరివాళ్ళు మండిపడ్డారు. తెలిసి తెలిసి అనుమతి లేకుండా దిగడాన్ని 2015 నుంచి దరఖాస్తుకి వ్యతిరేకంగా లెక్కిస్తున్నారు. ఎసెక్స్‌లో డేల్ ఫార్మ్ అని ఒకటి. పాత ఇనుము సామాన్ల యార్డు ఉన్న జాగా, గ్రీన్ బెల్ట్, పక్కనే అనుమతి ఉన్న ప్లాట్లు కూడా. పదేళ్ళు కోర్టుల చుట్టూ తిరిగి 2011 అక్టోబరులో దాదాపు 80 కుటుంబాలను పోలీసులతో ఖాళీ చేయించారు. వాళ్ళలో కొందరు ఎక్కడికి వెళ్ళారనుకున్నారు? ఆ పక్క దారిలోనే కారవాన్లు ఆపుకున్నారు.

ఇప్పటి నియమం ప్రకారం ప్రతి కౌన్సిలూ తన దగ్గర ఇలాంటి కుటుంబాలకు ఎన్ని పిచ్‌లు కావాలో లెక్కగట్టి, అయిదేళ్ళకు సరిపడా స్థలాలు చూపించాలి. చూపించలేకపోతే అప్పీల్లో దరఖాస్తుదారు చేయి పైనుంటుంది. మీ అబ్బాయిని కౌన్సిల్ వెబ్‌సైట్‌లో ఆ లెక్క తీసి చూడమనండి. వీధి గ్రూపులో లెటరు రాసినాయన దాన్ని చదివి ఉండడని నా పందెం.

నాకు బాగా నచ్చిన నియమం ఒకటి చెప్పి ముగిస్తాను. ఇలాంటి సైట్ల చుట్టూ ఎత్తయిన గోడలు, కంచెలు కట్టి, లోపలివాళ్ళను కావాలని వేరుగా పెట్టినట్టు కనబడేలా చేయకూడదని ఇంగ్లండ్ ప్రభుత్వ పాలసీలోనే రాశారు. గేటెడ్ కమ్యూనిటీల మధ్య ఉంటున్నాం గదా, చదివి రెండుసార్లు నవ్వుకున్నాను.

ఇంటి విలువ అన్నారు. వాడు అమ్మబోతున్నాడా? లేదు గదా. ఇరుగుపొరుగుతో మాత్రం ఒక్క మాట చాలు: "నా లెటరు నేనే రాసుకుంటాను." ఇంగ్లీషువాళ్ళు ఆ మాట తర్వాత ఇంకేమీ అడగరు.

ప్రశ్న: జిప్సీలంటే మన లంబాడీలేనా? ఒక యూట్యూబ్ వీడియోలో చెప్పారు. (ఇంటర్ విద్యార్థి, వనస్థలిపురం)

జవాబు: కాదు బాబూ. రోమానీ జిప్సీల పూర్వీకులు సుమారు వెయ్యేళ్ళ కింద ఉత్తర భారతం నుంచి పడమటికి వెళ్ళారని భాషను బట్టి పండితులు తేల్చారు. నీళ్ళను వాళ్ళూ 'పానీ' అనే అంటారు. రెండు 'దుయ్', అయిదు 'పంజ్'. అంతవరకు దూరపు చుట్టరికం. లంబాడీల కథ వేరు, వాళ్ళ భాష వేరు. ఐరిష్ ట్రావెలర్లకైతే మనతో ఏ సంబంధమూ లేదు, వాళ్ళు ఐర్లండువాళ్ళే. జిప్సీ అన్న మాట ఈజిప్టు నుంచి వచ్చింది. ఎక్కడివాళ్ళో తెలియక ఇంగ్లీషువాళ్ళు ఈజిప్షియన్లనుకున్నారు. మా వయసు హైదరాబాదీలకు జిప్సీ అంటే మారుతీ కంపెనీ జీపు, ఎక్కువగా పోలీసుల కింద ఉండేది. గుడారాలవాళ్ళు ఆ జిప్సీని చూసే మూట సర్దేవాళ్ళు.

ప్రశ్న: శంకర్‌పల్లి వైపు ఫామ్‌ప్లాటు కొన్నాను. చక్రాల మీద కంటైనర్ ఇల్లు పెట్టుకుంటే ఏ పర్మిషనూ అక్కర్లేదని అమ్మినవాళ్ళు చెప్పారు. నిజమేనా? (కొండాపూర్)

జవాబు: అమ్మేవాడు చెప్పే 'అక్కర్లేదు'ని ఎప్పుడూ కాగితం మీద రాసిమ్మని అడగండి. ఇంగ్లండ్‌లో కూడా కారవాన్ చట్టప్రకారం భవనం కాదు, కానీ పొలంలో పెట్టుకుని నివాసముంటే భూమి వాడకం మారినట్టే, దానికి అనుమతి కావాలి. చక్రాలున్నంత మాత్రాన మీరు అక్కడ పడుకోవడం లేదని ఎవరూ అనుకోరు. సర్వే నంబరు పట్టుకుని హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) మాస్టర్ ప్లాన్‌లో మీ పొలం ఏ జోన్‌లో ఉందో చూడండి, డబ్బు కట్టే ముందు చూడాల్సింది.

ప్రశ్న: సార్, నేను కాప్రా దగ్గర ఒక కాలనీ సంక్షేమ సంఘం కార్యదర్శిని. మా లేఅవుట్‌లో ఉన్న ఖాళీ స్థలంలో మూడు నెలలుగా ఎనిమిది గుడారాలు వేశారు. పూసలు, సవరాలు అమ్ముకునేవాళ్ళు. పిల్లలు కాలనీ కుళాయి దగ్గర నీళ్ళు పట్టుకుంటున్నారు. సభ్యులు చందాలు వేసుకుని ప్రీకాస్ట్ గోడ కట్టేద్దామంటున్నారు. లోపలివాళ్ళు వాళ్ళంతట వాళ్ళే వెళ్ళిపోతారని. కట్టొచ్చా?

జవాబు: కట్టొద్దండీ. అది మీ సంఘం స్థలం కాదు. అనుమతి పొందిన లేఅవుట్‌లో పార్కుకి వదిలిన జాగా గిఫ్ట్ డీడ్ కింద స్థానిక సంస్థకు పోతుంది. కాలనీవాళ్ళు దాన్ని కాపాడవచ్చు, ఆక్రమణ అని ఫిర్యాదు చేయవచ్చు, సొంతంగా గోడ కట్టి మనుషుల్ని వెళ్ళగొట్టడం మాత్రం కుదరదు. అది పార్కు కాక ప్రైవేటు ప్లాటు అయితే మాట్లాడాల్సింది దాని యజమాని. ఖాళీ చేయించే అధికారం ఉన్నవాళ్ళు కూడా నోటీసు ఇచ్చి, చెప్పుకోనిచ్చి చేయాలి. బొంబాయి ఫుట్‌పాత్ వాసుల ఓల్గా టెల్లిస్ కేసులో 1985లోనే సుప్రీంకోర్టు ఈ సంగతి చెప్పింది. ఫుట్‌పాత్ మీద ఉండే హక్కు ఉందని చెప్పలేదు, అది కూడా గుర్తుంచుకోండి. బతుకుదెరువు జీవించే హక్కులో భాగమని చెప్పింది, నోటీసు లేకుండా కదిలించొద్దంది.

మీ లేఖలో దొంగతనాల ఊసు లేదు. అందుకు సంతోషం. నాకు వచ్చే ఇలాంటి లేఖల్లో ఎక్కువగా అదే మొదటి వాక్యం. కొన్ని కులాలు పుట్టుకతోనే నేరస్థులని తెల్లవాళ్ళు 1871లో చట్టం చేశారు, 1952లో రద్దయింది. కాలనీ మీటింగుల్లో ఇంకా రద్దు కాలేదు.

ఇప్పుడు నా సంగతి ఒకటి. ఉద్యోగంలో చేరిన నాలుగో ఏడు, సిటీకి తూర్పున ఒక లేఅవుట్ దరఖాస్తుకి సైటు ఇన్‌స్పెక్షన్‌కి వెళ్ళాను. సర్వేయరు, చైన్‌మన్, నేను. పన్నెండు గుడారాలున్నాయి, బుడగ జంగాలవాళ్ళు. ఎండ మండిపోతోంది. ఒక ముసలమ్మ స్టీలు చెంబుతో మంచినీళ్ళిచ్చి, మేమేదో పట్టాలిచ్చేవాళ్ళమనుకుని డాల్డా డబ్బా తెచ్చి నా ముందు బోర్లించింది. అందులో కాగితాలన్నీ పాలిథిన్ కవర్లో చుట్టి రబ్బరు బ్యాండు వేసి ఉన్నాయి. రేషన్ కార్డు ఒక మండలంది, కొడుకు ఓటరు చీటీ ఇంకో జిల్లాది, మనవడి టీకాల కార్డు మూడో ఊరిది. అన్నీ అసలువే. ఏ రెండూ ఒక చోటివి కావు. నేను చూసి, జాగ్రత్తగా మడిచి తిరిగిచ్చాను.

ఆఫీసుకొచ్చి రిపోర్టు రాశాను. ఫారంలో గడి ఉంటుంది: స్థలంలో ఉన్న కట్టడములు. 'లేవు' అని రాశాను. స్థల స్వభావము అన్న గడిలో 'ఖాళీ స్థలము'. ఎవరూ రాయమనలేదు, ఎవరూ లంచమూ ఇవ్వలేదు. ఫారంలో గుడారానికి గడి లేదు, అంతే. అప్పట్లో మ్యాపులకు రంగులు చేత్తో వేసేవాళ్ళం. నివాసానికొకటి, వ్యాపారానికొకటి, పార్కుకి ఆకుపచ్చ. రెండు నెలలుండి పోయేవాళ్ళకు మా డబ్బాలో పెన్సిలు లేదు. లేఅవుట్ మంజూరైంది. ఆ పన్నెండు కుటుంబాలను ఎవరు, ఎప్పుడు లేపారో నేను అడగలేదు.

ఇంగ్లండ్ లేఖ పక్కన మీ లేఖ పెట్టుకుని చదివితే ఒక తమాషా కనబడింది. అక్కడ 2015లో ఒక నియమం పెట్టారు. ముసలితనం వల్లో, జబ్బు వల్లో తిరగడం పూర్తిగా మానేస్తే ప్లానింగ్ దృష్టిలో ఇక మీరు ట్రావెలర్ కారు, ఆ సైటు మీకు కాదన్నారు. మోకాళ్ళు అరిగినామె కూడా నేను తిరుగుతున్నానని రుజువు చూపించాలి. అది వివక్ష అని అప్పీలు కోర్టు 2022లో తేల్చింది, 2023 డిసెంబరులో ప్రభుత్వం ఆ నియమాన్ని వెనక్కి తీసుకుంది. మన దగ్గర దీనికి తలకిందులు. ప్రభుత్వ స్థలంలో ఇళ్ళు వేసుకున్న పేదలకు 125 గజాల దాకా ఉచితంగా క్రమబద్ధీకరిస్తూ 2014 డిసెంబరు 30న జీవో 58 వచ్చింది. మొదట అందులో షరతు, 2014 జూన్ 2 నాటికే ఆ స్థలంలో ఉన్నట్టు రుజువుండాలని. అక్కడేమో కదిలానని చూపించు, ఇక్కడేమో కదల్లేదని చూపించు. డాల్డా డబ్బాలోని కాగితాలు ఇక్కడ పనికిరావు. కదిలినట్టు అవి చక్కగా చూపిస్తాయి గానీ, అది ఇక్కడ ఎవరికీ అక్కర్లేదు.

సరే, మీరు చేయగల పనులు. ముందు వాళ్ళలో పెద్దమనిషితో కూర్చుని ఎన్నాళ్ళుంటారో అడగండి. చాలామందికి పెళ్ళిళ్ళ సీజన్, జాతరల లెక్క ఉంటుంది, చెబుతారు. నీళ్ళకు వేళ పెట్టుకోండి. పొద్దున కాలనీవాళ్ళు పట్టుకున్నాక గంటసేపు వాళ్ళకు. గొడవ సగం అక్కడే తగ్గుతుంది. మరుగుదొడ్డి లేకపోవడం అసలైన ఇబ్బంది, మీకూ వాళ్ళకూ. మున్సిపాలిటీ మొబైల్ టాయిలెట్ అడుగుతూ సంఘం లెటర్‌హెడ్ మీద రాయండి. గోడకి వేసుకునే చందాలో పదో వంతు ఖర్చు కూడా కాదు. పిల్లల్లో బడి ఈడువాళ్ళుంటే దగ్గరి సర్కారు బడి హెడ్‌మాస్టర్‌కి చెప్పండి, మూడు నెలలకైనా చేర్చుకోవాలి. ఇంటి చిరునామా లేదని ఓటు లేకుండా పోదు. బూత్ లెవెల్ అధికారి రాత్రిపూట వచ్చి ఆ మనిషి అక్కడే పడుకుంటున్నాడని చూసుకుంటే చాలు, చిరునామా రుజువు అడగకూడదని ఎన్నికల సంఘం నియమం. ఇది చాలామంది బీఎల్‌వోలకే తెలియదు.

ఇవన్నీ అయ్యాక కూడా పార్కు జాగా పార్కుగానే కావాలంటే స్థానిక సంస్థకు ఫిర్యాదు చేయండి, అది మీ హక్కు. వాళ్ళకు వేరే చోటు చూపించమని అదే కాగితంలో ఇంకో పేరా రాయండి.

మీ లేఖ మళ్ళీ ఒకసారి చదవండి. 'ఖాళీ స్థలంలో ఎనిమిది గుడారాలు' అని రాశారు. నేనైతే గుడారాలు కూడా రాయలేదు. లేఅవుట్ నంబరు, మంజూరైన ప్లాను జిరాక్సు పంపండి. ఆ జాగాకి ఏ రంగు వేశారో చూసి వచ్చే సంచికలో చెబుతాను.